నాంచారమ్మ కొడుకులు కట్టించిన మరుగుదొడ్డి

ఈదులపాలెంలో తెలివైనవాళ్ళు ఎవరని ఎవరైనా అడిగితే మాలకొండయ్య ముందు తన గుండె మీద చెయ్యి పెట్టుకునేవాడు. తర్వాత తమ్ముడు అంకులును చూపించేవాడు. ఆ తర్వాత చిన్న తమ్ముడు చెంచయ్యను చూపించేవాడు. అక్కడితో ఊళ్ళో తెలివైనవాళ్ళు అయిపోయారని చెప్పేవాడు. భార్య వజ్రమ్మ పక్కన ఉంటే మాత్రం ఆమెను కూడా కలుపుకునేవాడు.

వాళ్ళ తెలివల్లా ఒకటే. ఎవరు ఏ మాట చెప్పినా చెప్పింది చెప్పినట్టు చెయ్యడం. ఒకసారి అంకులు బస్సెక్కితే కండక్టరు, "పైన కడ్డీ గట్టిగా పట్టుకో, వదలొద్దు" అన్నాడు. అంతే. దిగాల్సిన ఊరు వచ్చింది, అంకులు వదల్లేదు. బస్సు చివరి ఊరిదాకా పోయింది, వదల్లేదు. డ్రైవరు బస్సుకు తాళం వేసుకుని ఇంటికి పోయాడు, అప్పుడూ వదల్లేదు. మర్నాడు అదే బస్సులో, అదే కడ్డీ పట్టుకుని, వెళ్ళిన పని చూసుకోకుండానే తిరిగొచ్చాడు. మాలకొండయ్య తమ్ముడి వీపు తట్టి, "మాట మీద నిలబడటమంటే ఇదిరా" అన్నాడు. వాళ్ళమ్మ నాంచారమ్మ దిష్టి తీసింది. ముగ్గురికీ తన తెలివే వచ్చిందని ఆమె మురిసిపోయేది. అందులో అబద్ధం లేదు.

ఆ ఊళ్ళో ఏ ఇంట్లోనూ మరుగుదొడ్డి లేదు. అందరూ చెంబు పట్టుకుని కాలవ అవతల తుమ్మచెట్ల చాటుకు పోవాల్సిందే. మగవాళ్ళకు వేళాపాళా లేదు. ఆడవాళ్ళు మాత్రం తెల్లవారకముందు పోవాలి, లేదంటే పొద్దు గూకాక పోవాలి. మధ్యలో కడుపు ఎంత మొత్తుకున్నా వినకూడదు. నాంచారమ్మ కాపురానికి వచ్చిన రోజు నుంచి అలాగే పోతోంది. ఆ వానాకాలం కాలవ గట్టు మీద కాలు జారి పడింది. చెంబు ఒకవైపు, ఆమె ఒకవైపు. చెంబుకు సొట్ట పడింది, ఆమెకు మడమ దగ్గర ఎముక విరిగింది.

డాక్టరు సిమెంటు కట్టు వేసి, "ఈమె దూరం నడవకూడదు. ఈ కాలు మళ్ళీ జారిందంటే ఇక లేచి తిరగడం కష్టం" అన్నాడు.

ఇంటికొచ్చాక వజ్రమ్మ అడిగింది, "మరి అత్తమ్మ పొద్దున్నే తుమ్మల్లోకి ఎట్లా పోద్ది?"

"నడవకూడదన్నాడు. పోకూడదని అనలేదు" అన్నాడు మాలకొండయ్య.

ఇంకేముంది. మర్నాడు నాంచారమ్మను నులకమంచం మీద పడుకోబెట్టారు. చలిగా ఉందని మెడదాకా తెల్లదుప్పటి కప్పారు. పొట్ట మీద చెంబు పెట్టారు. ముగ్గురు కొడుకులూ కోడలూ తలా ఒక కోడు పట్టుకుని మంచం భుజానికెత్తారు. వీధిలోకి వచ్చేసరికి పక్కింటి సీతారావమ్మ కల్లాపి చల్లుతోంది. మంచం చూసింది, దుప్పటి చూసింది, బక్కెట్టు వదిలేసింది.

"అయ్యో నాంచారమ్మక్కా, నిన్న సాయంత్రమేగా మజ్జిగ అడిగి పోయించుకున్నావు" అని శోకాలు మొదలుపెట్టింది. దాంతో ఇళ్ళలోంచి జనం వచ్చారు. ఎవరో బొరుగులు తెచ్చి చల్లుతున్నారు. ఒక ముసలాయన మంచం వెనకే నడుస్తూ, "మంచి మనిషి, ఎవరినీ ఏమీ అనేది కాదు" అంటున్నాడు.

నాంచారమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "ఏమే సీతారావమ్మా, పోయినవాళ్ళు చెంబు తీసుకుపోతారటే?"

జనం బొరుగులు చల్లడం ఆపారు. కానీ ఎలాగూ బయల్దేరాం కదా అని కాలవదాకా సాగనంపారు. తుమ్మచెట్ల దగ్గర మంచం దించాక కూడా పోలేదు. పలకరింపులు మొదలుపెట్టారు. నాంచారమ్మ దుప్పటి తలమీదకు లాక్కుని, "ఇంటికి తీసుకుపోండిరా" అంది. ఎలా వెళ్ళిన మనిషి అలాగే తిరిగొచ్చింది.

ఆ రోజు నుంచి ఆమె నీళ్ళు తాగడం మానేసింది. తాగితేనే కదా ఈ తిప్పలన్నీ అని. అన్నం కూడా పిట్ట తిన్నట్టు తినేది. వారం తిరిగేసరికి పెదాలు ఎండిపోయాయి, కళ్ళు లోపలికి పోయాయి. కట్టు చూడటానికి వచ్చిన నర్సమ్మ సువార్తమ్మ ఆమె మొహం చూసి కొడుకుల మీద మండిపడింది.

"ఈమెను కాలు కంటే ముందు ఈ దాహమే తీసుకుపోయేట్టుంది. ఇంట్లో మరుగుదొడ్డి కట్టించండి. మీ అమ్మ కడుపునిండా నీళ్ళు తాగాలి, తలుపేసుకుని నిదానంగా కూర్చోవాలి. ఇంకో మాట లేదు."

"కట్టిస్తాం నర్సమ్మా. నువ్వు చెప్పాక ఇంకో మాట ఎందుకుంటుంది" అన్నాడు మాలకొండయ్య. నిజంగానే ఆ రోజంతా ఇంట్లో ఎవరూ ఇంకో మాట మాట్లాడలేదు.

ఖాసిం మేస్త్రీ వచ్చాడు. పెరట్లో రెండు గుంటలు తవ్వి సిమెంటు వరలు దించాడు. ఒకటి వాడటానికి, అది నిండాక రెండోది. గుంటలకు ఇవతల గచ్చు పోసి బేసిన్ బిగించాడు. చుట్టూ రేకులు, ముందు తలుపు, తలుపుకు గడియ. అంతా అయ్యాక, "గచ్చు ఆరేదాకా ఎవరూ లోపల కాలు పెట్టొద్దు. రోజూ నీళ్ళతో తడపండి" అని చెప్పి పోయాడు.

అన్నదమ్ములు తలుపు ముందు కూర్చుని ఆలోచించారు. తడపాలంటే లోపలికి పోవాలి. పోవాలంటే కాలు పెట్టాలి.

"కాలు పెట్టొద్దన్నాడు కానీ చేతుల సంగతి ఎత్తలేదుగా" అన్నాడు చెంచయ్య.

అంతే. చెంచయ్య నోట్లో నీళ్ళ మగ్గు కరిచి పట్టుకుని చేతుల మీద లోపలికి బయల్దేరాడు. అంకులు అతని రెండు కాళ్ళూ ఎత్తి పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. కొంతదూరం పోయాక ఇంకా ముందుకు పోవాలంటే అంకులు కూడా గడప దాటాలి. మాలకొండయ్య ఊరుకుంటాడా. అంకులు కాళ్ళు తాను ఎత్తాడు.

"నేను చేతుల మీద నడిస్తే వీడి కాళ్ళు దేనితో పట్టుకోనన్నా?" అన్నాడు అంకులు.

"పళ్ళు ఎందుకున్నాయిరా" అన్నాడు మాలకొండయ్య.

అంకులు, అన్న మాట ప్రకారం, తమ్ముడి పిక్క పళ్ళతో పట్టుకున్నాడు. చెంచయ్య కేక పెట్టాడు. మగ్గు జారింది, చేతులు జారాయి, మొహం పోయి పచ్చి గచ్చులో దిగబడింది.

మర్నాడు ఖాసిం వచ్చి గచ్చు మీదికి వంగి చూశాడు. "ఇది ఎవరి ముక్కు?" అన్నాడు.

"మా చెంచయ్యది. అరచేతులు కూడా వాడివే. కానీ కాలి గుర్తు ఒక్కటి లేదు, కావాలంటే వెతుక్కో మేస్త్రీ" అన్నాడు మాలకొండయ్య.

ఖాసిం మళ్ళీ గచ్చు వేశాడు. ఈసారి అది ఆరేదాకా తానే తలుపు ముందు మంచం వేసుకుని కూర్చున్నాడు. ఎవరు దగ్గరికొచ్చినా తాపీ చూపించేవాడు. ఇంట్లోంచి నాంచారమ్మ, "అయిందా నాయనా?" అని అడుగుతూనే ఉండేది.

అయింది. సువార్తమ్మ వచ్చి చూసి సంతోషపడింది. "బాగుంది. దీన్ని దేవుడి గదిలా చూసుకోండి" అని వెళ్ళింది.

ఇంకేముంది. వజ్రమ్మ గడపకు పసుపు రాసి బొట్లు పెట్టింది. మామిడాకులు కట్టింది. లోపల దీపం వెలిగించి, అగరొత్తులు గుచ్చి, బేసిన్‌కు బంతిపూల దండ వేసింది. నాంచారమ్మ కర్ర పోటేసుకుంటూ, గోడ పట్టుకుంటూ, ఎంతో ఆశగా వచ్చింది. వజ్రమ్మ అడ్డం నిలబడింది.

"స్నానం చేశావా అత్తమ్మా?"

"కట్టు తడపొద్దన్నాడు కదే డాక్టరు."

"తలస్నానం లేకుండా ఈ గదిలోకి ఎట్లా పోతావు? పైగా పొద్దున ఉప్మా తిన్నావు."

నాంచారమ్మ లోపలికి తొంగి చూసింది. దీపం, పూలు, అగరొత్తుల పొగ. ఆమెకే భయమేసింది. "నిజమేనే. ఇంత మంచి గదిలో ఆ పాడుపని నేనెట్లా చేస్తాను" అని లెంపలు వేసుకుంది. కర్రతోనే గది చుట్టూ ఒకసారి తిరిగి దణ్ణం పెట్టి, "మంచం ఎత్తండిరా, తుమ్మల్లోకే పోదాం" అంది.

మళ్ళీ నీళ్ళు మానేసింది. వచ్చి చూసిన సువార్తమ్మ కొబ్బరిచిప్పలు, దీపం బుడ్డి ఒక పక్కకు నెట్టి, అక్కడే కూలబడింది.

"పెద్దమ్మా, ఇది గుడి కాదు. నువ్వు వాడుకోవడానికి కట్టిన గది. దండలు తీసెయ్యండి. కాళ్ళు కడుక్కోకపోయినా సరే, అన్నం తిన్నా సరే, ఎప్పుడు అవసరమైతే అప్పుడు పోవాలి. తలుపు తట్టి, లోపల ఎవరూ లేరని తేల్చుకుని వెళ్ళు. వచ్చాక నీళ్ళు కొట్టు, సబ్బుతో చేతులు కడుక్కో. మిగతాదేమీ చెయ్యొద్దు. దయచేసి ఏమీ చెయ్యొద్దు."

మర్నాడు పొద్దున నాంచారమ్మ తలుపు తట్టింది. సమాధానం లేదు. మళ్ళీ తట్టింది. లేదు. అక్కడే పీట వేసుకుని కూర్చుంది.

అంకులు వచ్చాడు. "ఎవరమ్మా లోపల?"

"తెలీదురా. పలకట్లా."

"పలకడానికి ఏం పోయె. పొగరు కాకపోతే."

మాలకొండయ్య వచ్చి ఇంట్లోవాళ్ళను లెక్క చూశాడు. అందరూ బయటే ఉన్నారు. "అంటే లోపలున్నది మనింటి మనిషి కాదు. కొత్తవాళ్ళతో మర్యాదగా మాట్లాడాలి" అని తలుపుకు మొహం ఆనించి, "అయ్యా, తమరెవరైనా సరే. మా అమ్మ కాలు విరిగిన మనిషి. కొంచెం తొందరగా కానివ్వండి" అన్నాడు.

చప్పుడు లేదు.

"పొద్దుటి నుంచి ఉన్నాడు, ఆకలేస్తుందేమో. కడుపు నిండితే మాట వస్తుంది" అని వజ్రమ్మ పళ్ళెంలో జొన్నరొట్టె పెట్టి తలుపు కింద సందులోంచి లోపలికి తోసింది. దానికీ సమాధానం లేదు. "రొట్టె తిని కూడా పలకట్లేదంటే ఎట్లాంటి మనిషో చూడండి" అన్నాడు అంకులు.

నాంచారమ్మ పీట మీద కూర్చుని మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుంటోంది. చివరికి చెంచయ్య అన్న భుజాలెక్కి రేకు పైనుంచి తొంగిచూశాడు.

"ఎవరూ లేరన్నా. రొట్టె అలాగే ఉంది."

"ఎవరూ లేనప్పుడు, లేరని లోపలినుంచి ఒక మాట చెప్పొచ్చు కదా" అన్నాడు మాలకొండయ్య. "ఇట్లా కాదు. చెప్పడానికి ఒక మనిషి ఉండాలి."

అంతే. చెంచయ్యను లోపల స్టూలు వేసి కూర్చోబెట్టారు. తలుపు మూశారు. నాంచారమ్మ తట్టింది.

"లోపల ఎవరూ లేరు" అన్నాడు చెంచయ్య.

నాంచారమ్మ తలుపు తీసింది. "నువ్వున్నావు కదరా."

"నేను చెప్పడానికి ఉన్నానమ్మా. అట్లా చూస్తే ఎవరూ లేనట్టే."

"నువ్వు బయటికి పో, నేను కూర్చుంటాను."

"నేను బయటికి వస్తే, ఎవరూ లేరని నీకెవరు చెప్తారు? తెలియకుండా ఎట్లా వస్తావు?"

నాంచారమ్మ ఆలోచించింది. వాడు చెప్పింది సబబుగానే ఉంది. ఒక నిమిషం ఆగింది, రెండో నిమిషం ఆగింది. మూడోది ఆగే వీలు లేకపోయింది. చేతికర్ర ఎత్తి చిన్నకొడుకు వీపు మీద ఒక్కటి వేసింది. చెంచయ్య స్టూలుతో సహా బయటికి ఉరికాడు. లోపల గడియ పడింది. ఆ పూటకు నాంచారమ్మ తెలివిని పక్కన పెట్టింది కాబట్టి సరిపోయింది.

ఆమె చాలాసేపు బయటికి రాలేదు. పైరేకు సందులోంచి ఎండ పడుతోంది. పట్టపగలు. ఎవరో వస్తున్నారేమోనని చెవులు రిక్కించే పని లేదు. దూరంగా టార్చిలైటు కనపడగానే చీర సర్దుకుని లేచి నిలబడే పని లేదు. పాము లేదు, ముల్లు లేదు, బురద లేదు. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో ఆమె పగటిపూట ఇట్లా కూర్చోవడం ఇదే మొదలు. నీళ్ళు కొట్టి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, నేరుగా కుండ దగ్గరికి పోయి చెంబెడు నీళ్ళు గటగటా తాగింది. ఆగి, ఇంకో చెంబు తాగింది.

"ఒరే, మీ నాన్న నాకు కొన్న నగలన్నీ ఒక ఎత్తు, ఈ గడియ ఒక ఎత్తు" అంది.

అప్పుడే కట్టు చూడటానికి వచ్చిన సువార్తమ్మకు ఆ మాట విని కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషంలో జాగ్రత్త మర్చిపోయింది. "మీ ఒక్క ఇంట్లో ఉంటే చాలదు పెద్దమ్మా. వాన పడితే ఆ తుమ్మల కింద ఉన్నదంతా కొట్టుకొచ్చి తాగే బావిలో కలుస్తుంది. అక్కడ వాలిన ఈగే మళ్ళీ మీ అన్నం మీద వాలుతుంది. ఊరంతా మానుకుంటేనే పిల్లలకు విరేచనాలు తగ్గుతాయి. మరుగుదొడ్డి ఇంటింటికీ వెళ్ళాలి."

"విన్నార్రా? ఇంటింటికీ వెళ్ళాలంట" అంది నాంచారమ్మ.

"నువ్వు పడుకో అమ్మా, మేం చూసుకుంటాం" అన్నాడు మాలకొండయ్య.

ఇంకేముంది. మర్నాడు అన్నం తిని నాంచారమ్మ కునుకు తీస్తుంటే ముగ్గురూ గునపాలు తీశారు. రేకులు ఊడదీశారు. తలుపు పీకారు. గచ్చు పగలగొట్టి బేసిన్ బయటికి తీశారు. అంతా ఎద్దుల బండి మీదకెక్కించి, మళ్ళీ గదిలా నిలబెట్టి, తాళ్ళతో బిగించి కట్టారు. బండి బయల్దేరింది. మాలకొండయ్య ముందు నడుస్తూ, "అమ్మా, మరుగుదొడ్డి వచ్చింది" అని ప్రతి గడప ముందూ పిలుస్తున్నాడు.

నాంచారమ్మ లేచింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక తాగిన రెండు చెంబుల నీళ్ళు గుర్తు చేస్తున్నాయి. కర్ర పోటేసుకుంటూ పెరట్లోకి వచ్చింది. గది లేదు. గచ్చు ముక్కలున్నాయి.

"ఇక్కడుండేది ఏమైందే వజ్రమ్మా?"

"మన వంతు అయిపోయిందత్తమ్మా. ఇప్పుడు సీతారావమ్మత్త వాళ్ళింటికి పోయింది. ఊరంతా తిరిగాక మళ్ళీ మనింటికి వస్తుంది."

నాంచారమ్మ చెంగు బిగించింది. కర్ర తీసుకుని బయల్దేరింది. డాక్టరు నడవొద్దన్నాడని వజ్రమ్మ అడ్డం పడి మంచం తెస్తానంది కానీ, మంచం మోయడానికి మిగిలింది ఆమె ఒక్కతే. చివరికి అత్తను వీపు మీదకెక్కించుకుని వీధిలోకి వచ్చింది.

సీతారావమ్మ ఇంటి ముందు బండి ఆగి ఉంది. ఊరంతా అక్కడే ఉంది. మగవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆడవాళ్ళు నవ్వట్లేదు. ఒక్కొక్కరే బండెక్కి, లోపలికి పోయి, గడియ వేసుకుని, కాసేపు ఊరికే నిలబడి దిగుతున్నారు. సీతారావమ్మ దిగుతూ మొగుడి వైపు చూసింది. "నవ్వింది చాలు. రేపు ఖాసిం మేస్త్రీని పిలుచుకురా. మనింట్లో ఇట్లాంటిది కట్టేదాకా నీకు పొయ్యి వెలగదు." ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూడా తమ మొగుళ్ళ వైపు అట్లాగే చూశారు. నవ్వులు తగ్గాయి.

నాంచారమ్మకు ఇవేమీ పట్టలేదు. జనాన్ని తోసుకుని, కోడలి భుజం మీంచి బండెక్కింది. తలుపు మూసి గడియ వేసింది.  తర్వాత బేసిన్ కన్నంలోంచి ఆమె గొంతు కిందికి వినిపించింది.

"ఒరే పెద్దోడా, దీని కింద వీధి కనపడుతోంది. గుంట ఏదిరా?"

అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు. అంకులు నెత్తి కొట్టుకున్నాడు. "గుంట మర్చిపోయాం అన్నా."

"అంత ముఖ్యమైనది ఎట్లా మర్చిపోయార్రా" అని మాలకొండయ్య తమ్ముళ్ళను కేకలేసి, బండి వైపు తిరిగి, "అమ్మా, నువ్వు దిగొద్దు. ఇప్పుడే పోయి తెస్తాం" అన్నాడు.

"నేను దిగనురా. దిగితే మళ్ళీ ఎవరి వంతంటారో. తొందరగా తీసుకురండి" అంది నాంచారమ్మ.

ముగ్గురూ పరుగున పెరట్లోకి వచ్చారు. ఉన్నవి రెండు గుంటలు. ఊరి కోసం ఇచ్చేటప్పుడు వాడింది ఇవ్వడం మర్యాద కాదని కొత్తదే ఎంచుకున్నారు. మూత తీశారు. తాళ్ళు వేసి వరలు ఒక్కొక్కటే పైకి లాగారు. వరలన్నీ వచ్చాయి. గుంట మాత్రం అక్కడే ఉంది.

"మట్టికి పట్టుకుని ఉంది. చుట్టూ తవ్వి వదులు చెయ్యాలి" అన్నాడు మాలకొండయ్య.

చుట్టూ తవ్వారు. అంకులు ఒక పక్క, చెంచయ్య ఒక పక్క చేతులు పెట్టి ఎత్తబోయారు. రాలేదు. ఇంకా తవ్వారు. తవ్వినకొద్దీ గుంట పెరుగుతోంది.

"తీసేకొద్దీ బరువెక్కుతోందన్నా" అన్నాడు అంకులు చెమట తుడుచుకుంటూ.

"పాతుకుపోయిన గుంట మరి. అడుగునుంచి పట్టాలి" అన్నాడు మాలకొండయ్య.

ముగ్గురూ లోపలికి దిగారు. పొద్దు వాలేసరికి పెరడంతా గుంటే. కూరపాదు పోయింది, గేదె కట్టేసే గుంజ పోయింది, గేదె గట్టు మీద నిలబడి కిందికి చూస్తోంది. చెంచయ్య మధ్యమధ్యలో పైకెక్కి, వీధిలోకి పరిగెత్తి, బండి తలుపు దగ్గర కబురు చెప్పి వస్తున్నాడు.

"ఇంకెంతసేపురా?" అంది లోపలినుంచి నాంచారమ్మ, పళ్ళ బిగువున.

"ఇక అయిపోవచ్చిందమ్మా" అన్నాడు చెంచయ్య. "గుంట మొత్తం తవ్వేశాం. అడుగు ఒక్కటి దొరకట్లేదు. అది దొరగ్గానే ఎత్తి బండి కింద పెట్టేస్తాం."